తీరిక వేళల పని: కొక్కెపు సూది చరిత్ర

చేతిపనుల చరిత్ర రాసేవారు సాధారణంగా మగ్గంతో మొదలుపెట్టి మగ్గంతోనే ముగిస్తారు. అందులో తప్పేమీ లేదు. మన దేశంలో నేతగాడి పతనం వలస పాలన కథలో అతి విషాదకరమైన ప్రకరణం. కాని మగ్గానికి దూరంగా, అరుగుల మీదా గడపల్లోనూ, మరొక పనిముట్టు నూటయాభై ఏళ్ళకు పైగా కదులుతూనే ఉన్నది. అది జానెడు పొడవైనా లేని కొక్కెపు సూది. దానితో నూలూ ఉన్నీ అల్లి చంటిపిల్లల టోపీలూ, బొమ్మలూ, బల్లల మీద పరిచే గుడ్డలూ, దుప్పట్ల అంచులూ తయారుచేస్తారు. ఈ పనికి ఫ్రెంచివారు పెట్టిన పేరు క్రోషే. ఆ మాటకు చిన్న కొక్కెం అని అర్థం. మన నరసాపురం ప్రాంతంలో దీన్ని లేసు అల్లిక అంటారు.

ఈ సూది చరిత్రను పట్టించుకోవటానికి కారణం ఉన్నది. యంత్రం వచ్చి చేతినేత విలువను పడగొట్టిందని మనం చదువుకున్నాం. అయితే కొక్కెపు సూది పని చేసే యంత్రం వ్యాపార స్థాయిలో ఈనాటికీ రాలేదు. లండన్ దుకాణంలో కనిపించినా, హైదరాబాదు దుకాణంలో కనిపించినా, నిజమైన క్రోషే వస్తువు ఒక మనిషి చేతుల్లోంచి రావలసిందే. యంత్రం చెయ్యలేని పనికి, ఖండాంతరాల్లో గిరాకీ ఉన్న పనికి, కూలి ఎందుకు పెరగలేదు? జవాబు సరుకు స్వభావంలో లేదు. ఆ పనిని సంఘం ఏమని పిలుస్తూ వచ్చిందో ఆ చరిత్రలో ఉన్నది.

ముందు పని ఎటువంటిదో చూద్దాం. రెండు సూదులతో అల్లే అల్లికలో ఒక వరస కుట్లన్నీ ఒకేసారి సూది మీద నిలిచి ఉంటాయి. వరస మొత్తాన్ని ఒక్కసారిగా కదిలించటం యంత్రానికి సాధ్యం. అందుకనే 1589 నాటికే ఇంగ్లండులో విలియం లీ మేజోళ్ళు అల్లే చట్రాన్ని తయారుచేయగలిగాడు. కొక్కెపు సూది మీద నిలిచేది ఒకే ఒక్క ఉచ్చు. ఆ ఉచ్చులోంచి దారాన్ని లాగితే ఇంకొక ఉచ్చు వస్తుంది. కొత్త కుట్టు పాత కుట్లలో దేనిలోకి దిగాలో అల్లేవారి కన్నూ వేలూ నిర్ణయిస్తాయి. పని ముందుకూ వెనక్కూ పక్కకూ, గుండ్రంగానూ పోగలదు. ఈ స్వేచ్ఛే యంత్రానికి లొంగలేదు. బజారులో యంత్రపు లేసు అని అమ్మే సరుకు దీన్ని పోలి ఉంటుందే గాని ఇది కాదు.

ఒక చిన్న బొమ్మ తల ఎట్లా తయారవుతుందో లెక్కగట్టి చూస్తే శ్రమ ఎంతో తెలుస్తుంది. మొదట ఆరు కుట్లతో ఒక వలయం వేస్తారు. తరువాతి చుట్టులో పన్నెండు, ఆ తరువాత పద్ధెనిమిది, ఇరవైనాలుగు, ముప్ఫై. ఇక్కడికి 90 కుట్లు. ఇప్పుడు పెంచకుండా ముప్ఫై కుట్ల చుట్లు అయిదు వేస్తే మరి 150. తరువాత అదే వరసన తగ్గిస్తూ ఇరవైనాలుగు, పద్ధెనిమిది, పన్నెండు, ఆరు, ఇవి 60. మొత్తం 300 కుట్లు. ఒక్కొక్క కుట్టుకు దారాన్ని రెండుసార్లు లాగాలి. అంటే సన్నని ఉన్నితో నిమ్మకాయంత తల ఒకటి తయారుకావటానికి చేతికి 600 లాగుళ్ళు. మొండెం, చేతులు, కాళ్ళు, చెవులు ఇంకా ఉన్నాయి. లోపల దూది కూరాలి, ముక్కలు అతకాలి, కళ్ళు కుట్టాలి. చంటిపిల్ల టోపీ కూడా ఇట్లాగే మొదలవుతుంది. తలకు సరిపోయేవరకు కుట్లు పెంచి, ఆపైన పెంచకుండా కిందికి దించి, మూయకుండా వదిలితే అది టోపీ. ఇందులో ఒక్క కుట్టు తప్పినా ఆకారం వంకర పోతుంది. దీన్ని చేతులు ఊరుకోక చేసే పని అనటం ఎంతవరకు సబబో పాఠకులే ఆలోచించాలి.

ఈ విద్య అంత పురాతనమైనదేమీ కాదు. దీని నమూనాలు మొట్టమొదట అచ్చయినవి 1823లో, పెనెలోపే అనే డచ్చి పత్రికలో. దీనికి ముందు యూరపులో చట్రానికి బిగించిన గుడ్డ మీద కొక్కెపు సూదితో గొలుసుకుట్టు వేసే పని ఉండేది. ఆ పని పద్ధెనిమిదో శతాబ్దంలో తూర్పుదేశాల నుంచి యూరపుకు వెళ్ళింది. కచ్ ప్రాంతంలో మోచీలు ఆరి సూదితో చేసే కుట్టుపని ఆ కుటుంబానికి చెందినదే. చట్రంలోని గుడ్డను తీసివేసి గాలిలోనే గొలుసు అల్లటం నేర్చుకున్నాక క్రోషే పుట్టిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ అభిప్రాయమే నిజమైతే, మన దేశం నుంచి గుడ్డ మీద కుట్టే సూదిగా వెళ్ళిన పనిముట్టు మిషనరీల చేతిలో మళ్ళీ మన దేశానికే వచ్చింది. ఈ రాకపోకల మధ్య దానికి ఒక కొత్త గుణం అబ్బింది. ఆ గుణం అబ్బింది ఐర్లండులో.

1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. ఆ తరువాతి కరువులో పదిలక్షల మంది చనిపోయారని అంచనా. భూమి ఇంగ్లీషు జమీందార్ల చేతుల్లో ఉన్నది, ధాన్యం ఓడలెక్కి పోతూనే ఉన్నది, కౌలుదారు కుటుంబం ఆకలితో మాడుతున్నది. ఆ సమయంలో కార్క్ పట్టణం దగ్గర బ్లాక్‌రాక్‌లో ఉర్సులైన్ సన్యాసినులు బీద స్త్రీలకు క్రోషే నేర్పారు. క్లోన్స్ అనే ఊళ్ళో ఒక మతగురువు భార్య, కాసాండ్రా హ్యాండ్, 1847లో ఈ పని మొదలుపెట్టించింది. పాత పద్ధతి లేసుకు దిండ్లూ, డజన్లకొద్దీ కండెలూ, ఏళ్ళ తరబడి శిక్షణా కావాలి. క్రోషేకు ఒక కొక్కెమూ, ఒక దారపుండా చాలు. కరువులో పనికివచ్చిన సుగుణం ఇదే.

ఈ లేసు లండనులో, పారిసులో బాగా అమ్ముడుపోయింది. దానివల్ల ఎన్నో కుటుంబాలు బతికి బయటపడిన మాట వాస్తవం, దాన్ని కాదనటం అన్యాయం. అయితే దానితోపాటు రెండు ఏర్పాట్లు స్థిరపడ్డాయి. ఒకటి పని విభజన: ఒక ఇంట్లో పువ్వు, ఇంకొక ఇంట్లో ఆకు, మరొకచోట వాటిని కలిపే వల. రెండవది ఆ పనికి వచ్చిన పేరు. కొనేవారి దృష్టిలో అల్లే స్త్రీ కూలికి పనిచేసే మనిషి కాదు, ఆదుకోవలసిన దీనురాలు. ఆమె చేతికి వచ్చే డబ్బు కూలి కాదు, సాయం. కూలి అయితే బేరమాడవచ్చు, సాయానికి కృతజ్ఞత చెప్పాలి. ఈ తేడా ఎంత లాభసాటిదో వర్తకుడికి తెలియక పోలేదు.

దానధర్మాల పేరు అక్కరలేనిచోట ఈ రకపు ఇంటిపని ఎట్లా ఉండేదో మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో చూపించాడు. ఆయన చెప్పినది క్రోషే గురించి కాదు, ఇంగ్లండు లేసు పరిశ్రమ గురించి. అందులో పనిచేసే లక్షా యాభై వేల మందిలో 1861 నాటి ఫ్యాక్టరీ చట్టం కిందికి వచ్చినవారు పదివేల మంది. మిగతా లక్షా నలభై వేల మందీ దాదాపుగా స్త్రీలూ, పిల్లలూ. నాటింగ్‌హామ్ ధర్మాసుపత్రికి వచ్చిన స్త్రీలలో, వాళ్ళలో ఎక్కువమంది పదిహేడు నుంచి ఇరవైనాలుగేళ్ళ లేసు పనివారే, క్షయరోగులు 1852లో నలభైఅయిదు మందిలో ఒకరు. 1861 నాటికి ఎనిమిది మందిలో ఒకరు. యంత్రం వచ్చి ఇంటిపనిని రద్దు చెయ్యలేదు. యంత్రం నేసిన సరుకుకు తుదిమెరుగులు దిద్దే పనిని ఇళ్ళలోకి నెట్టింది. చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయింది, శ్రమ మాత్రం గేటు దాటి గడపలోకి పోయింది. మార్క్స్ ఇక్కడ చెప్పిన సంగతిని గోదావరి డెల్టాకు అన్వయించుకుని చదివినవారు మనలో తక్కువ.

ఇక మన డెల్టా. బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు 1836లో తెలుగుదేశానికి వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని ప్రారంభమై 1852లో పూర్తయింది. కాలవలు వచ్చాయి, వరి పెరిగింది, భూమికి వెల వచ్చింది. భూమి లేనివాడికి ఆ వెలలో భాగం రాలేదు. క్రైస్తవంలోకి మొదట పెద్ద సంఖ్యలో వచ్చినవారు మాల, మాదిగ కులాలవారు. మతం మారినవారి జీవనోపాధి మిషనరీలకు తక్షణ సమస్య అయింది. మక్రే అనే స్కాట్లండు దంపతులు 1844 ప్రాంతంలో దుమ్ముగూడెంలో స్త్రీలకు లేసు అల్లిక నేర్పారనీ, అక్కడి నుంచి అది నరసాపురం వైపు పాకిందనీ పరంపరగా చెబుతారు. మొదట మిషనరీలు తాము నేర్పిన స్త్రీల పనితనాన్ని తమ దేశంలోని స్నేహితులకు పంపి, వచ్చిన డబ్బు అల్లినవారికి ఇచ్చేవారు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఆ స్థానంలో వర్తకులు ప్రవేశించారు. ఐర్లండులో జరిగినదే ఇక్కడా జరిగింది: సాయం అన్న పేరుతో వచ్చిన పని సరుకుగా మారింది. అల్లే స్త్రీ మాత్రం కూలిదానిగా మారలేదు, కనీసం పేరులో మారలేదు.

దీనికి కులం తోడ్పడింది. లేసు అల్లిక క్రైస్తవ స్త్రీల నుంచి కాపు కుటుంబాల స్త్రీలకు వ్యాపించింది. చితికిపోయిన చిన్న రైతు కుటుంబానికి రెండు అవసరాలు ఉంటాయి. ఇల్లు గడవాలి, ఆడవాళ్ళు కూలికి పోతున్నారన్న మాట రాకూడదు. ఈ రెండు అవసరాలనూ తీర్చే పని అరుగు మీద కూర్చుని చేసే లేసు అల్లిక ఒక్కటే. పొలంలో నాట్లు వేసే స్త్రీకి లేని గౌరవం ఈమెకు దక్కింది. ఆ గౌరవానికి వెల కూలిలోంచి కోసుకున్నారు.

ఆ కోత ఎంతో మనకు లెక్కతో చూపినది మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త. ఆమె 1970 దశకం చివర అంతర్జాతీయ కార్మిక సంస్థ తరఫున నరసాపురం ప్రాంతంలో పరిశోధన చేసి, నరసాపురం లేసు పనివారి మీద రాసిన పుస్తకాన్ని 1982లో లండనులో ప్రచురించింది. లేసు అల్లేవారు లక్షకు పైగా ఉంటారని ఆమె అంచనా. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లిన స్త్రీకి సగటున దొరికినది రూపాయిలో సగానికి కొంచెం పైన. పొలం కూలికి వెళ్ళే స్త్రీకి అంతకన్న ఎక్కువ వచ్చేది. గౌరవనీయమైన పని చేసే స్త్రీ, గౌరవం లేదనుకునే పని చేసే స్త్రీ కన్న తక్కువ సంపాదించింది. ఈ ఒక్క సంగతి చాలు, ఆ గౌరవం ఎవరికి ఉపయోగపడిందో తెలుసుకోవటానికి.

పని సాగే తీరు కూడా మీస్ వివరంగా రాసింది. ఎగుమతిదారు ఏజెంటుకు దారం ఇస్తాడు, ఏజెంటు ఇళ్ళకు పంచుతాడు. చేతిపని చేసేవారు విడి పువ్వులు అల్లుతారు. అతుకుపని చేసేవారు వాటిని కలుపుతారు. పువ్వు అల్లిన స్త్రీ పూర్తి అయిన గుడ్డను చూడదు. గుడ్డను కొన్నవారు ఆమె ఊరి పేరు వినరు. పక్క వీధిలో అదే పని చేసే మనిషికి ఎంత ఇస్తున్నారో కూడా ఆమెకు ఏజెంటు నోటి ద్వారా తెలియవలసిందే. పురుషులలో కొందరు ఈ పని ఆధారంగా ఏజెంట్లయ్యారు, వర్తకులయ్యారు. అల్లటం మాత్రం స్త్రీల దగ్గరే ఉండిపోయింది. ఏ ఫ్యాక్టరీ యజమానికీ దొరకని సౌకర్యం ఎగుమతిదారుకు దొరికింది. షెడ్డు అద్దె లేదు, దీపం ఖర్చు లేదు, గుమాస్తా లేడు, సమ్మె లేదు. పనివారంతా సంసార స్త్రీలు, ఇంట్లో ఊరికే కూర్చోక తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు; ఇదీ అందరూ చెప్పే మాట. ఆరు గంటల పనికి తీరిక అని పేరు పెట్టిన ఈ ఏర్పాటును మీస్ గృహిణీకరణ అన్నది. స్త్రీని ముందు గృహిణిగా నిర్వచించాలి. ఆ తరువాత ఆమె చేసే ప్రతి పనీ ఇంటిపనిలో ఒక భాగంగా, భర్త సంపాదనకు చిల్లర చేర్పుగా కనిపిస్తుంది. భర్తకు సంపాదన లేని ఇళ్ళలోనూ ఇదే మాట చెప్పటంలో ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇంట్లో పిల్లలను చూసుకుంటూ, వంట చేసుకుంటూ మధ్యలో అల్లే పనికి నిర్ణీత కూలి ఎట్లా కడతారు? ఇంటిపనినీ ఈ పనినీ విడదీయటం సాధ్యమా? ఈ ఆక్షేపణకు జవాబు మన తెలుగుదేశంలోనే ఉన్నది. నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల్లో బీడీలు చుట్టే స్త్రీలు కూడా ఇంట్లోనే చుడతారు. వారికి కూడా ఆకూ తంబాకూ లెక్కగా ఇస్తారు, బీడీలు లెక్కగా తీసుకుంటారు. వారికీ వంట ఉన్నది, పిల్లలున్నారు. అయినా 1966లో చేసిన బీడీ, సిగారు కార్మికుల చట్టం ఇంట్లో బీడీ చుట్టేవారిని కార్మికులుగా గుర్తించింది. యజమానులు ఆ చట్టం చెల్లదని సుప్రీంకోర్టుకు వెళితే 1974లో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఇంట్లో చుట్టేవారికి ప్రావిడెంటు ఫండు వర్తిస్తుందని 1985లో అదే కోర్టు తీర్పు చెప్పింది. బీడీ కార్మికుల బతుకు పూలపాన్పు అయిందని ఎవరూ అనరు. ఆ పాత చట్టాలు 2020 నాటి కార్మిక కోడ్‌లలో కలిసిపోయాయి కూడా. కాని ఇంట్లో చేసే పనిని లెక్కపెట్టలేమనే వాదం మాత్రం ఆ చట్టంతో శాశ్వతంగా ఓడిపోయింది. బీడీ చుట్టే స్త్రీకీ లేసు అల్లే స్త్రీకీ మధ్య తేడా పనిలో లేదు. బీడీ కార్మికులకు సంఘాలు ఉండినాయి, ఆ సంఘాలు ముందు తమ పేరు మార్చుకున్నాయి.

మరొక విషయం ఇంకా ఆశ్చర్యకరమైనది. 1948 నాటి కనీస వేతనాల చట్టం ఉద్యోగి అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే, మరొకరు ఇచ్చిన సామగ్రితో, వారి వ్యాపారం కోసం, తన ఇంట్లో సరుకు తయారుచేసే మనిషి కూడా ఉన్నది. అలంకరించటం, తుదిమెరుగులు దిద్దటం అన్న మాటలు కూడా అందులో ఉన్నాయి. లేసు అల్లే స్త్రీని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టే ఉంటుంది ఆ వాక్యం. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే చట్టం తలుపు తెరిచింది. ఆ తలుపులోంచి ఆమెను పిలిచినవారు లేరు. ఇంటి వద్ద పని గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ నంబరు ఒడంబడిక చేసింది. దాన్ని మన దేశం ధ్రువీకరించలేదు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోదావరి జిల్లాల్లోని 19 మండలాలకు ఈ పని సొంతమని రిజిస్టరులో నమోదయింది. ఇది సంతోషించవలసిన విషయమే. యంత్రపు లేసును నరసాపురం పేరుతో అమ్మే మోసానికి ఇది అడ్డు పడవచ్చు. కాని ఈ గుర్తింపు కాపాడేది సరుకు పేరును. అల్లే మనిషికి ఇంకా పేరు రాలేదు. ఊరికి పేరు వచ్చింది, పనితనానికి పేరు వచ్చింది, గంట శ్రమకు మాత్రం రాలేదు.

ఇప్పుడు ఈ సూది కొత్త చోట్లకు పోయింది. ఉన్నితో చిన్న చిన్న బొమ్మలు అల్లే పద్ధతి జపానులో అమిగురుమి పేరుతో పెరిగి, ఈ శతాబ్దంలో ప్రపంచమంతా వ్యాపించింది. మన పట్టణాల్లో చదువుకున్న స్త్రీలు, ఉద్యోగం మానుకోవలసి వచ్చినవారు, పెళ్ళయి పరాయి ఊరు వెళ్ళినవారు ఈ బొమ్మలూ, చంటిపిల్లల టోపీలూ అల్లి ఫోను ద్వారా అమ్ముతున్నారు. వీరి మీద ఏజెంటు లేడు, ధర తామే చెప్పుకోవచ్చు. అయినా ధర చెప్పేటప్పుడు ఉన్ని ఖరీదు లెక్కవేసి పైన కొంచెం చేర్చి ఊరుకునేవారే ఎక్కువ. కొనేవారు కూడా ఉన్ని ఎంతయిందని అడుగుతారు గాని ఎన్ని గంటలు పట్టిందని అడగరు. టీవీ చూస్తూ అల్లినదే కదా అన్న మాట నరసాపురం ఏజెంటు మాటకు మనుమరాలు. పనిచేసే మనిషి వర్గం మారింది, చదువు మారింది, పనిముట్టు వెంట వచ్చిన పేరు మారలేదు.

ఒక అపార్థానికి తావు ఇవ్వకూడదు. అమ్మమ్మ మనవడికి అల్లిన టోపీకి కూలి కట్టమని ఎవరూ అనటం లేదు. తన పిల్ల కోసం బొమ్మ అల్లుకునే తల్లికి ఆ పనిలో కలిగే ఆనందం నిజమైనది. మనిషి శ్రమ అంతా ఒకనాటికి అటువంటిది కావాలనే మన ఆశయం. ఆ టోపీ బజారుకు పోదు, దానికి వెల లేదు. ఎగుమతిదారు గోదాములోని టోపీకి వెల ఉన్నది. అల్లినవారి వాటాకు మాత్రమే వెల కట్టలేదు. వెల లేకపోవటం వేరు, వెల కట్టకపోవటం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని సమర్థించటమే నూటయాభై ఏళ్ళుగా జరుగుతున్న మోసం.

అభ్యుదయ సాహిత్యంలో నేతగాడికీ, పొలం కూలికీ, బండివాడికీ స్థానం దొరికింది. ఒంటరిగా అరుగు మీద కూర్చున్న ఈ పనిమనిషికి ఆ స్థాయిలో దొరకలేదు. ఆమె సమ్మె చెయ్యలేదు, ఊరేగింపులో నడవలేదు, కాబట్టి చరిత్రలోకి రాలేదు. డెల్టా పల్లెల్లో లేసు అల్లి కళ్ళు మసకబారిన వృద్ధ స్త్రీలు ఇంకా ఉన్నారు. ఏ ఏడు ఏ పువ్వుకు ఎంత ఇచ్చారో వారికి జ్ఞాపకం ఉంటుంది. దారం లెక్కలూ, ఏజెంట్ల తగాదాలూ, పెళ్ళికి ముందు అల్లినవీ, వైధవ్యం వచ్చాక అల్లినవీ వారు చెప్పగలరు. ఆ జిల్లాల కళాశాలల్లో చరిత్రా, అర్థశాస్త్రమూ చదివే విద్యార్థులు గడియారం దగ్గర పెట్టుకుని ఒక్కొక్క పువ్వుకు ఎన్ని నిమిషాలు పడుతుందో నమోదు చెయ్యవచ్చు. ఆ నిమిషాలను ఆ సంవత్సరపు కనీస వేతనంతో గుణించి, నిజంగా ముట్టిన కూలి పక్కన పెట్టవచ్చు. ఇందుకు పెద్ద గ్రంథాలయాలు అక్కరలేదు. అటువంటి పట్టిక ఒక్కటి తయారైతే, తీరిక వేళల పని అన్న మాట ఆ పట్టిక ముందు ఎంతసేపు నిలుస్తుందో చూడవచ్చు.